బ్యాంకు ఎవరిది? అప్పు ఎవరికి?

"బ్యాంకు సర్కారుదైతేనేం, షావుకారుదైతేనేం? అదునుకు అప్పు పుడితే అంతే చాలు!" – ఈ మాట గ్రామాల్లో తరచు వినబడుతూ ఉంటుంది. ప్రభుత్వ బ్యాంకు మేనేజరు గదిచుట్టూ పదిసార్లు తిరిగి, పాసుపుస్తకం లేదనిపించుకుని, చివరకు పురుగుమందుల కొట్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి చేయి చాచిన కౌలురైతు ఆ మాట అంటే అతన్ని తప్పు పట్టలేము. అతని కడుపుమంట న్యాయమైనదే.

అయితే అదే మాటను ఇవాళ ఢిల్లీలోనూ, బొంబాయిలోనూ కూర్చున్న పెద్దలు కూడా అంటున్నారు. వారి ఉద్దేశం వేరు. 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఐడిబిఐ బ్యాంకుతోబాటు మరి రెండు ప్రభుత్వ బ్యాంకులను ప్రైవేటుపరం చేస్తామని కేంద్రం ప్రకటించింది. బ్యాంకు ఉద్యోగులు ఆ ఏడాది మార్చి 15, 16 తేదీల్లోనూ, తిరిగి డిసెంబరు 16, 17 తేదీల్లోనూ దేశవ్యాప్తంగా సమ్మె కట్టారు. అమ్మకానికి దారి తీసే బిల్లు ఆ శీతాకాల సమావేశాల పట్టికలోకి ఎక్కింది గాని సభ ముందుకు రాలేదు. 2022 అక్టోబరులో ఐడిబిఐ బ్యాంకు వాటాలు కొనదలచినవారు ముందుకు రావలసిందని పిలుపు మాత్రం వెళ్లింది.

ఇది బ్యాంకు ఉద్యోగుల గొడవేనా? పొలం గట్టున నిలబడ్డవాడికి ఇందులో ఏమీ లేదా? బ్యాంకు యజమాని ఎవరనేదాన్ని బట్టి అప్పు నడిచే దారి మారుతుందని మేము అంటాము. ఒట్టి మాటగా కాదు, గడచిన డెబ్బయ్యేళ్ల లెక్కలతో అంటాము. దానితోబాటే ఇంకో మాట కూడా అంటాము: బోర్డు మీద సర్కారు పేరున్నంత మాత్రాన బ్యాంకు పేదవాడిది అయిపోదు.

షావుకార్ల చేతిలో ఉన్ననాడు

1951-52లో అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే జరిగింది. దాని నివేదిక 1954లో వెలువడింది. పల్లెటూళ్ల అప్పు వంద రూపాయలనుకుంటే అందులో దాదాపు 70 రూపాయలు వడ్డీ వ్యాపారులు ఇచ్చినవి. సహకార సంఘాలు ఇచ్చింది 3 రూపాయలు. వాణిజ్య బ్యాంకులు ఇచ్చింది నిండు రూపాయి కూడా కాదు. ఈ నివేదిక తర్వాతనే ఇంపీరియల్ బ్యాంకును ప్రభుత్వం తీసుకుని, 1955 జులై 1న స్టేట్ బ్యాంకుగా మార్చింది.

మిగతా పెద్ద బ్యాంకులు మాత్రం పారిశ్రామిక కుటుంబాల చేతుల్లోనే ఉండిపోయాయి. యునైటెడ్ కమర్షియల్ బ్యాంకును 1943లో పెట్టింది జి.డి. బిర్లా. బ్యాంకులో నడిచే డబ్బులో యజమాని పెట్టేది పిసరంత. తక్కినదంతా జనం దాచుకున్న డిపాజిట్లు. జనం డబ్బును ఎవరికి అప్పుగా ఇవ్వాలో మాత్రం డైరెక్టర్ల బల్ల దగ్గర తేలేది. ఆ బల్ల చుట్టూ మిల్లుల యజమానులు కూర్చుంటే అప్పు మిల్లులకే పోతుంది. 1960ల మధ్యనాటికి కూడా బ్యాంకు అప్పుల్లో వ్యవసాయానికి దక్కింది సుమారు 2 శాతం. అందులోనూ పెద్ద ముక్క తేయాకు వంటి తోటలకే పోయింది.

ఆ యజమానులు దుర్మార్గులు కాబట్టే ఇలా జరిగిందని చెబితే సగమే చెప్పినట్టవుతుంది. లెక్క చూడండి. 50 లక్షల అప్పు ఒకే మిల్లుకు ఇస్తే ఒక ఫైలు, ఒక సంతకం. అదే సొమ్మును అయిదేసి వేల చొప్పున వెయ్యిమంది రైతులకు ఇస్తే వెయ్యి ఫైళ్లు, వెయ్యి పొలాల తనిఖీ, వానలు పడకపోతే వెయ్యి వసూళ్ల తిప్పలు. లాభమే గీటురాయి అయినప్పుడు ఏ యజమానీ రెండో దారి పట్టడు. ఆ దారి పట్టించాలంటే లాభం కాక వేరే గీటురాయి కావాలి.

యజమాని మారిన తరువాత

1969 జులై 19న, 50 కోట్లకు తక్కువ కాకుండా డిపాజిట్లున్న 14 బ్యాంకులను జాతీయం చేశారు. 1970 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేస్తే, నాలుగు రోజుల్లోనే కొత్త ఆర్డినెన్సు వచ్చింది. 1980 ఏప్రిల్ 15న ఇంకో 6 బ్యాంకుల వంతు వచ్చింది. ఈసారి గీత 200 కోట్ల డిపాజిట్లు. భోగరాజు పట్టాభిసీతారామయ్య 1923లో బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఈ ఆరింటిలో ఒకటి.

ఇదంతా పాలకుల దయాగుణం వల్ల జరగలేదు. 1965-67 కరువులు, తిండిగింజల కోసం ఓడల వైపు చూసిన రోజులు, కొత్త విత్తనాలకూ ఎరువులకూ పెట్టుబడి అవసరం, కాంగ్రెసులో చీలిక, పల్లెల్లో రగులుతున్న అసంతృప్తి – ఇవన్నీ కలిసి ప్రభుత్వాన్ని అటు నెట్టాయి.

మరి ఫలితం? 1969 మధ్యలో దేశం మొత్తం మీద బ్యాంకు శాఖలు 8,262. అందులో గ్రామాల్లో ఉన్నవి 1,833. 1977లో రిజర్వు బ్యాంకు ఒక నిబంధన పెట్టింది: బ్యాంకులున్న పట్నంలో కొత్తగా ఒక శాఖ తెరవాలంటే, బ్యాంకే లేని నాలుగు చోట్ల శాఖలు తెరిచి రావాలి. 1990 నాటికి మొత్తం శాఖలు సుమారు 60 వేలకు చేరగా, గ్రామాల్లోనివే 35 వేల దరిదాపుకు వచ్చాయి. 1972లో నిరుపేదలకు 4 శాతం వడ్డీ పథకం వచ్చింది. 1975లో గ్రామీణ బ్యాంకుల ఆర్డినెన్సు వచ్చింది. ఆ బ్యాంకుల్లో కేంద్రానికి 50, రాష్ట్రానికి 15, పోషక బ్యాంకుకు 35 శాతం వాటా. 1976లో మన ఖమ్మంలో నాగార్జున, కడపలో రాయలసీమ గ్రామీణ బ్యాంకులు మొదలయ్యాయి. మొత్తం అప్పుల్లో 40 శాతం ప్రాధాన్యతా రంగాలకు, అందులో 18 శాతం వ్యవసాయానికి ఇచ్చి తీరాలన్న లక్ష్యం స్థిరపడింది.

గ్రామీణ కుటుంబాల అప్పుల్లో బ్యాంకులు, సహకార సంఘాల వంటి సంస్థల వాటా 1971లో 29 శాతం. 1981కి అది 61 శాతం అయ్యింది. పదేళ్లలో రెట్టింపు! తరతరాలుగా వడ్డీ వ్యాపారి గుప్పిట్లో ఉన్న ఊళ్లలో ఇది చిన్న మార్పు కాదు.

పండితుల తగవు

ఈ మార్పు వల్ల నిజంగా మేలు జరిగిందా అని పండితులు లెక్కలు వేశారు. వారి లెక్కలు మనకూ తెలియాలి. రాబిన్ బర్జెస్, రోహిణి పాండే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2005లో ప్రచురించిన పరిశోధనలో, ఒకటికి నాలుగు అన్న నిబంధన కాలంలో పల్లెల్లో శాఖలు పెరగడం వల్ల గ్రామీణ పేదరికం తగ్గిందని తేల్చారు.

షాన్ కోల్ అనే అమెరికా ఆర్థికవేత్త 2009లో ఇంకో రకంగా చూశాడు. 1980 నాటి 200 కోట్ల గీతకు కొంచెం పైన ఉన్న బ్యాంకులు ప్రభుత్వానివయ్యాయి, కొంచెం కింద ఉన్నవి ప్రైవేటుగానే మిగిలాయి. ఈ రెంటినీ పోల్చాడు. ప్రభుత్వానివైన బ్యాంకులు వ్యవసాయానికి ఎక్కువ అప్పు, తక్కువ వడ్డీకి ఇచ్చాయని తేలింది. అయితే ఆ అప్పు వల్ల వ్యవసాయ ఫలితాలు మెరుగుపడ్డ ఆనవాలు తనకు కనబడలేదన్నాడు. ఎన్నికల ఏడాదిలో ప్రభుత్వ బ్యాంకుల వ్యవసాయ రుణాలు ఉబ్బుతాయని కూడా ఆయనే ఇంకో పరిశోధనలో చూపించాడు.

ప్రైవేటీకరణ వాదులు కోల్ మాటల్లో రెండో సగాన్నే పట్టుకుంటారు. మేము రెండు సగాలూ తీసుకుంటాము. యజమాని మారితే అప్పు దారి మారుతుందన్నది మొదటి సగం, అది రుజువైంది. అప్పు వచ్చినా పంట ఎందుకు పెరగలేదన్నది రెండో ప్రశ్న. దీనికి జవాబు పల్లెలో ఉన్నవాడికి తెలుసు. అప్పు పట్టా ఉన్నవాడి ఖాతాకు చేరింది, నాగలి పట్టినవాడి చేతికి చేరలేదు. భూసంస్కరణలు కాగితాల మీద ఆగిపోయిన చోట బ్యాంకు ఒక్కటే వచ్చి ఏం చేస్తుంది? నీరు లేకపోతే, గిట్టుబాటు ధర లేకపోతే, ఇచ్చిన అప్పు మళ్లీ బాకీగానే మిగులుతుంది.

పేరు సర్కారుది, నడక షావుకారుది

1990లో ఒకటికి నాలుగు నిబంధన పోయింది. 1991లో నరసింహం కమిటీ ప్రాధాన్యతా రంగం వాటాను 40 నుంచి 10 శాతానికి దించమంది. ప్రభుత్వం ఆ అంకెను దించలేదు గాని, దానికన్నా తెలివైన పని చేసింది: వ్యవసాయ రుణమంటే ఏమిటో దాని అర్థాన్నే సాగదీస్తూ పోయింది. 2015 నిబంధనల ప్రకారం 100 కోట్ల దాకా అప్పు తెచ్చుకున్న ఆహారశుద్ధి కంపెనీ కూడా వ్యవసాయ రుణం పద్దులోకే వస్తుంది. 2000 తర్వాతి దశాబ్దంలో వ్యవసాయ రుణాల్లో దాదాపు మూడో వంతు పట్నాల, మహానగరాల శాఖల నుంచే పోయాయని ఆర్. రామకుమార్ వంటి పరిశోధకులు రిజర్వు బ్యాంకు లెక్కలతోనే చూపించారు. మహానగరంలో వరి నాట్లు ఎక్కడ వేస్తున్నారో మరి!

1991లో 35 వేలు దాటిన గ్రామీణ శాఖలు 2005 నాటికి సుమారు 32 వేలకు పడిపోయాయి. గ్రామీణ అప్పుల్లో సంస్థల వాటా 1991లో 64 శాతం ఉండగా 2002లో 57కు దిగింది. అదే కాలంలో వడ్డీ వ్యాపారి వాటా సుమారు 17 నుంచి 30 శాతానికి ఎగబాకింది. ఈ కాలమంతా పెద్ద బ్యాంకుల్లో అధికభాగం ప్రభుత్వ యాజమాన్యంలోనే ఉన్నాయని గుర్తుంచుకోవాలి. యజమాని మారలేదు, గీటురాయి మారింది. ప్రభుత్వ బ్యాంకును కూడా లాభం లెక్కన నడపమన్నారు. నడిపారు. పల్లె వెనకబడింది.

బ్యాంకు ఖాళీ చేసిన చోటికి వేరేవాళ్లు వచ్చారు. బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చి, అంతకు రెట్టింపు వడ్డీకి ఆడవాళ్ల గ్రూపులకు తిప్పిన మైక్రోఫైనాన్స్ కంపెనీల సంగతి మన ఆడబిడ్డలకు చెప్పనక్కరలేదు. ఆ కంపెనీలకు ఇచ్చిన సొమ్మును బ్యాంకులు తమ ప్రాధాన్యతా రంగం పద్దులో రాసుకున్నాయి. వారం వారం వసూళ్ల ఒత్తిడికి ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు వచ్చాక, 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

లాభమెవరిది, నష్టమెవరిది?

"ప్రభుత్వ బ్యాంకులు నష్టాల్లో పడ్డాయి, ప్రైవేటువి లాభాల్లో ఉన్నాయి, కాబట్టి అమ్మేయాలి" అంటారు. 2018 మార్చి నాటికి ప్రభుత్వ బ్యాంకుల మొండి బాకీలు దాదాపు 9 లక్షల కోట్లు. ఇచ్చిన వంద రూపాయల అప్పులో 14 రూపాయలకు పైగా ఇరుక్కుపోయిన మాట వాస్తవమే. ఆ ఏడాది ఈ బ్యాంకులన్నీ కలిసి 85 వేల కోట్లకు పైగా నష్టం చూపించాయి. దాన్ని మేము దాచము.

అయితే ఆ బాకీలు ఎవరివి? అదే నాటి రిజర్వు బ్యాంకు లెక్క ప్రకారం పరిశ్రమలకిచ్చిన అప్పుల్లో మొండి బాకీలు 22 శాతం దాటాయి. వ్యవసాయంలో 10 శాతం లోపే. ఉక్కు, విద్యుత్తు, రోడ్ల కంపెనీలకు ఎడాపెడా ఇచ్చిన అప్పులు తిరిగి రాలేదు. 2014-15 నుంచి తొమ్మిదేళ్లలో బ్యాంకులు తమ ఖాతాల్లోంచి కొట్టివేసిన బాకీలు 14.56 లక్షల కోట్లు. అందులో భారీ పరిశ్రమలు, సేవలవి 7.40 లక్షల కోట్లని 2023లో ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. ఖాతాలోంచి తీసినా వసూలు హక్కు ఉంటుందంటారు. కాని కొట్టివేసిన బాకీల్లో ఆ కాలంలో తిరిగి వచ్చింది 2 లక్షల కోట్ల పైచిలుకే. ప్రభుత్వం ఈ బ్యాంకులకు 2016-17 నుంచి అయిదేళ్లలో సుమారు 3.1 లక్షల కోట్ల మూలధనం పోసింది. అది జనం డబ్బు. పది వేల బాకీకి ఇంటి ముందు జీపు ఆపించుకున్న రైతు ఈ అంకెలు ఒక్కసారి చదువుకోవాలి.

ఇవే బ్యాంకులు 2023-24లో 1.41 లక్షల కోట్ల లాభం చూపించాయి. యజమాని మారకుండానే నష్టం లాభంగా మారింది. అంటే జబ్బు యాజమాన్యంలో లేదు. ఎవరికి అప్పు ఇవ్వాలో ఎవరు చెబుతున్నారు, దాన్ని ఎవరు అడుగుతున్నారు అన్నదాంట్లో ఉంది.

ఇక ప్రైవేటు బ్యాంకులు మునగవా? 1994లో మన హైదరాబాదులోనే పుట్టిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు పదేళ్లు తిరగకుండానే 2004 జులైలో కుప్పకూలింది. షేర్ల వ్యాపారులకు ఇచ్చిన అప్పులు దాన్ని ముంచాయి. డిపాజిట్‌దారులను ఆదుకున్నది ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్ అనే ప్రభుత్వ బ్యాంకు. 2020 మార్చిలో యెస్ బ్యాంకు పడిపోతే ముందు నిలబడింది స్టేట్ బ్యాంకు. లాభం వచ్చినన్నాళ్లు ప్రైవేటుది, నష్టం వచ్చిననాడు జనానిది!

లాభాల పోలికలో ఇంకో సంగతి కూడా మరవరాదు. ప్రభుత్వ బ్యాంకుల శాఖల్లో సుమారు మూడో వంతు గ్రామాల్లో ఉన్నాయి. ప్రైవేటు వాటిలో అయిదో వంతు. 2023 ఆగస్టుకు జనధన్ ఖాతాలు 50 కోట్లు దాటితే, ప్రైవేటు బ్యాంకులు తెరిచినవి వందకు మూడు కూడా లేవు. ఉపాధి హామీ కూలి డబ్బు, పింఛను డబ్బు కోసం క్యూలు కట్టేది ప్రభుత్వ బ్యాంకు గుమ్మం ముందే. ఆ పని అంతా ఒకరు మోస్తుంటే, మోయనివాడి లాభంతో పోల్చడం న్యాయం కాదు.

అడిగే హక్కు

ప్రభుత్వ బ్యాంకుకు 2005 నాటి సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది. ఫలానా శాఖ కిందటి ఏడాది ఎంతమంది కౌలుదారులకు ఎంత ఇచ్చిందో ఒక తెల్లకాగితం మీద రాసి అడగవచ్చు. ప్రైవేటు బ్యాంకును ఈ చట్టం కింద నేరుగా అలా అడగలేం. ప్రభుత్వ బ్యాంకు ఉద్యోగాల్లో దళిత, గిరిజన, వెనుకబడిన తరగతుల పిల్లలకు రిజర్వేషన్ ఉంది; ప్రైవేటులో లేదు. బ్యాంకు అమ్ముడుపోయిననాడు ఈ హక్కులు కూడా దాంతోనే పోతాయి. పేరు మారడం, దూరం పెరగడం మనం ఇప్పటికే చూస్తున్నాం. హైదరాబాదు స్టేట్ బ్యాంకు 2017లో స్టేట్ బ్యాంకులోనూ, ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులోనూ కలిసిపోయాయి. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులను ఒక్కటి చేశారు. అవి ఇంకా ప్రభుత్వ యాజమాన్యంలోనే ఉన్నాయి. కాని నిర్ణయం చేసే గది ఊరికి ఇంకాస్త దూరమయ్యింది.

కౌలుదారు ఎక్కడ?

2018-19 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కుటుంబాల్లో 93 శాతం అప్పుల్లో ఉన్నాయి. సగటు బాకీ 2.45 లక్షలు, దేశంలోకెల్లా ఎక్కువ. తెలంగాణలో దాదాపు 92 శాతం కుటుంబాలకు అప్పుంది. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్ కమతాల్లో 42 శాతం కౌలుకు తీసుకున్నవని తేలింది. ఇందరు కౌలుదారులున్న చోట బ్యాంకు ఇంకా "పొలం నీ పేరున ఉందా?" అనే అడుగుతోంది.

2011లో ఉమ్మడి రాష్ట్రం కౌలుదారులకు రుణ అర్హత కార్డుల చట్టం చేసింది. 2019లో ఆంధ్రప్రదేశ్ దాని బదులు పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చి, కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలంది. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. పైగా ఆ పొలం మీద ముందే యజమాని పేర పంట రుణం ఎత్తి ఉంటుంది. ఒకే పొలానికి రెండు అప్పులు ఇవ్వలేమని మేనేజరు అంటాడు. చివరకు కార్డు జేబులో ఉంటుంది, అప్పు కమీషన్ వ్యాపారి దగ్గర పుడుతుంది.

దీని ఖరీదు లెక్క వేద్దాం. 50 వేల పంట రుణం సకాలంలో తీరిస్తే ఏడాదికి 4 శాతం, అంటే 2 వేల వడ్డీ. అదే 50 వేలు నూటికి మూడు రూపాయల లెక్కన తెస్తే ఏడాదికి 18 వేలు. తేడా 16 వేలు. రోజు కూలి 400 అనుకుంటే నలభై రోజుల కష్టం. ఆ నలభై రోజులు కౌలుదారు వడ్డీ వ్యాపారి పొలంలో ఉచితంగా పనిచేసినట్టే లెక్క.

చేయవలసిన పని

బ్యాంకుల అమ్మకాన్ని ఎదిరించడం ఒక పని. అది ఒక్కటే చేసి ఊరుకుంటే కౌలురైతు మన మాట వినడు, వినవలసిన అవసరమూ లేదు. ఇవాళ తన మొహం మీద తలుపు వేస్తున్న బ్యాంకును కాపాడమని అతన్ని ఎలా అడుగుతాం? తలుపు తెరిపించే పని కూడా మన చేతుల్లోకి తీసుకోవాలి.

ప్రతి జిల్లాకూ ఒక లీడ్ బ్యాంకు ఉంటుంది. ఏటా జిల్లా రుణ ప్రణాళిక తయారవుతుంది. దాని ప్రతిని సంపాదించండి. మన మండలంలో ఏ శాఖకు ఎంత లక్ష్యం, అందులో సన్న, చిన్నకారు రైతులకెంత, కౌలుదారులకెంత అని చూడండి. శాఖలవారీగా సమాచార హక్కు కింద అడగండి. ఊళ్లో కార్డులున్న కౌలుదారుల జాబితా రాసి, ఒంటరిగా కాక గుంపుగా బ్యాంకుకు వెళ్లండి. దరఖాస్తు తీసుకున్నట్టు రశీదు అడగండి. కాదంటే కారణం రాసిమ్మనండి. సాగు చేస్తున్నాడని గ్రామంలో విచారించి ధ్రువపరిస్తే చాలునని, యజమాని సంతకంతో పనిలేకుండా కార్డు ఇవ్వాలని ప్రభుత్వాన్ని నిలదీయండి. సొసైటీల సంగతీ విడిచిపెట్టవద్దు. వాటాధనం రైతులదైనా, ఆంధ్రప్రదేశ్‌లో 2013 ఎన్నికల తర్వాత అవి ఏళ్ల తరబడి నామినేటెడ్ కమిటీలతోనే నడిచాయి. యజమానులైన రైతులకు ఓటే లేకపోతే అక్కడా పెద్ద రైతు మాటే చెల్లుతుంది.

వచ్చే ఖరీఫ్‌కు దుక్కులు మొదలయ్యేలోగా ఈ జాబితాలు సిద్ధం కావాలి. విత్తనాలు కొనే రోజు వచ్చాక బ్యాంకు చుట్టూ తిరిగితే లాభం లేదు. అప్పటికి కమీషన్ వ్యాపారి నోటు రాయించుకునే ఉంటాడు.